వృషణం వాపు: స్కానింగ్ ఎందుకు రాస్తారు?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. ఎడమ వృషణం వైపు బరువుగా ఉంటోందని, సాయంత్రానికి వాపు పెరుగుతోందని సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వాళ్లమ్మతో చెప్పాడు. డాక్టరుగారు చేత్తో పరీక్షించి కలర్ డాప్లర్ స్కానింగ్ రాశారు. ఆ కిరణాల వల్ల రేపు పిల్లలు పుట్టరేమోనని మా భయం. ఊళ్లో పెద్దలేమో ఇది వరిబీజమే, పసరు కట్టు చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: ముందు మీ భయం తీరాలి. ఈ స్కానింగ్‌లో ఎక్స్‌రే, సీటీల మాదిరి రేడియేషన్ ఉండదు. గర్భిణులకు చేసే పరీక్షలో వాడే ధ్వని తరంగాలనే ఇక్కడా వాడతారు కనుక సంతానానికి దీనివల్ల హాని లేదు. పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, చల్లటి జెల్లీ రాసి, చిన్న ప్రోబును చర్మం మీద కదుపుతారు. పరగడుపున వెళ్లనక్కరలేదు.

వాపు వృషణం లోపలిదా, బయటిదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న, దానికి చెయ్యి ఒక్కటే అన్నిసార్లూ జవాబు చెప్పలేదు. వరిబీజంలో నీరు నిండుగా ఉంటే లోపలి వృషణం చేతికి దొరకనే దొరకదు. స్కానింగ్‌లో మాత్రం ఆ నీరు నల్లగా, నడుమ వృషణం బూడిదరంగులో విడివిడిగా కనిపిస్తాయి. బోదకాలు వల్ల వచ్చిన కొన్ని వాపుల్లో బతికున్న పురుగులు మెలికలు తిరగడం కూడా తెర మీద చూడవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం వెరికోసీల్ మీద, అంటే సిరలు ఉబ్బడం మీద. ఎడమ వృషణపు సిర ఎడమ కిడ్నీ సిరలో దాదాపు లంబకోణంలో కలుస్తుంది కాబట్టి ఇది ఆ వైపే ఎక్కువ, నిలబడినకొద్దీ బరువూ ఎక్కువ. అందుకే అబ్బాయిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమంటారు. రక్తం వెనక్కి మళ్లుతోందో లేదో, రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌లో అప్పుడే తెలుస్తుంది. వెరికోసీల్ కొందరిలో వీర్యకణాలను తగ్గిస్తుంది గనుక, సంతానం గురించి ఆలోచించేవారు భయపడవలసింది స్కానింగ్‌కు కాదు, ఆలస్యానికి.

పసరు కట్టు వద్దని గట్టిగా చెబుతున్నాను. వృషణం లోపల గట్టి గడ్డ ఉంటే, ముఖ్యంగా 15 నుంచి 35 ఏళ్ల వయసులో, క్యాన్సర్ కాదని తేలేవరకూ మేము దాన్ని క్యాన్సర్‌గానే భావిస్తాం. అప్పుడు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. తొందరగా పట్టుకుంటే ఈ క్యాన్సర్ చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. కట్టు కింద గడిచిపోయే నెలలే ప్రమాదం.

మరొక మాట అబ్బాయికి తప్పక చెప్పండి. ఉన్నట్టుండి ఒకవైపు తీవ్రమైన నొప్పి, వాంతులు మొదలైతే వృషణం మెలితిరిగి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ అయితే డాప్లర్‌లో రక్తప్రసారం పెరిగి కనిపిస్తుంది, మెలిక అయితే తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. వృషణాన్ని కాపాడుకోవడానికి దాదాపు 6 గంటలే సమయం, కాబట్టి అనుమానం బలంగా ఉన్నప్పుడు సర్జన్లు స్కానింగ్ కోసం కూడా ఆగరు. అర్ధరాత్రి అయినా తెల్లారనీ అనుకోకుండా తిరుపతిలోని రుయా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లిపోవాలి.

స్కానింగ్ గదిలోకి అబ్బాయిని ఒక్కణ్నే వెళ్లనివ్వండి. తండ్రి పక్కనుంటే, ఎన్నాళ్లుగా ఉందో, నొప్పి ఎక్కడో చెప్పడానికి ఆ వయసు పిల్లలు సిగ్గుపడతారు.