టెక్ సందేహాలు: వెండి రూపాయలు చూడటానికి ఎక్కడ కలవాలి?

ప్రశ్న: ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయలు అమ్మకానికి కనిపించాయి. అమ్మే అతనిది జడ్చర్ల. "అన్నా, ఇంకో పార్టీ కూడా అడుగుతున్నది. రేపు సాయంత్రం హైవే పక్కన మా వెంచర్ కాడికి పైసలు పట్టుకుని రా, చూసుకుని తీసుకుపో" అంటున్నాడు. పోవచ్చా? అవి అసలువో నకిలీవో అక్కడే తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కలవండి. కానీ ఆ వెంచర్‌లో వద్దు, సాయంత్రం వద్దు, నగదుతో అసలే వద్దు. అతను మంచివాడే కావచ్చు. అయినా చీకటి పడే వేళ, నిలబడి, "ఇంకో పార్టీ" అనే తొందరలో ఎవరూ నాణేన్ని సరిగ్గా చూడలేరు. మీకు కావలసింది పగటి వెలుతురు, ఒక బల్ల, ఒక కాంటా, ఒక గంట తీరిక. ఇవన్నీ దొరికే చోటు బంగారం, వెండి కొట్టు. జడ్చర్లలోనో, మీకు దారిలో వచ్చే కల్వకుర్తిలోనో ఒక కొట్టును మీరే ఎంచుకోండి. ముందే ఫోన్ చేసి, పరీక్ష చేసినందుకు ఎంత తీసుకుంటారో మాట్లాడుకోండి. అక్కడ సీసీ కెమెరా ఉంటుంది, నలుగురు మనుషులుంటారు. నిజంగా అమ్మేవాడికి ఇందులో పోయేదేమీ లేదు. ఎంత చెప్పినా "కొట్టుకు రాను" అంటే ఆ బేరం వదిలేయండి.

బయలుదేరే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అతను పెట్టిన ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతకండి. అవే ఫొటోలు ఇంకెవరి ప్రకటనలోనో కనిపిస్తే నాణేలు అతని దగ్గర లేనట్టే. వీడియో కాల్‌లో ఒక్కో నాణేన్ని రెండు వైపులా, అంచు చుట్టూ మెల్లగా తిప్పి చూపించమనండి. బయానా పంపమంటే పంపొద్దు. యూపీఐలో అతని నంబర్ కొడితే బ్యాంకు ఖాతా పేరు కనిపిస్తుంది, డబ్బు పంపకుండా అక్కడే ఆగి ఆ పేరు చూసుకోండి. చెప్పిన పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి అయితే ఎందుకో అడగండి.

పోయే రోజు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టి ఇంట్లోవాళ్లకు పంపండి. యూపీఐ కొత్త ఫోన్‌లో పెట్టుకుని 24 గంటలు కాకపోతే మామూలుగా 5 వేలకు మించి పోదు, ఆ సంగతి ముందే చూసుకోండి.

ఇక నాణేల విషయం. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక పర్షియన్ అక్షరం ఉంటుంది. 'మీమ్' (م) ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, మన మహబూబ్‌నగర్‌కు పేరొచ్చింది ఆయన వల్లే. 'ఐన్' (ع) ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఫోన్ కెమెరాను జూమ్ చేసి, ఇంకో ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేయండి. పోత పోసిన నకిలీ అయితే అక్షరాల చుట్టూ సన్నటి బుడిపెలు, గుంటలు కనిపిస్తాయి. అంచు మీద అతుకు గీత కూడా ఉండొచ్చు. అన్ని నాణేల మీదా ఒకే చోట ఒకే గాటు కనిపించిందంటే అవన్నీ ఒకే పోత అచ్చులోంచి వచ్చిన నకిలీవే.

తర్వాత బరువు. ఈ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. బరువు ఒక్కటే సరిపోతే చాలదు, నకిలీ చేసేవాళ్లూ బరువు చూసుకునే చేస్తారు. వాళ్లు దొరికిపోయేది నీళ్లలో. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకె సున్నాకు తెచ్చుకోండి. నాణేనికి సన్నటి దారం కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అసలు రూపాయి అయితే 1.10 గ్రాముల దగ్గర ఆగుతుంది. జర్మన్ సిల్వర్‌తో (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం) అదే బరువుకు చేసిన నకిలీ అయితే 1.28 దాకా పోతుంది, ఎందుకంటే ఆ లోహం వెండి కంటే తేలిక, అదే బరువుకు ఎక్కువ చోటు పడుతుంది. ఈ పరీక్షప్పుడు ఫ్యాన్ ఆపమనండి. లేకపోతే అంకె నిలవదు.

కొట్టులో ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం (ఎక్స్-కిరణాలతో ఏ లోహం ఎంత ఉందో చూపించేది) ఉంటే అదీ చేయించండి, కానీ అది చూసేది పై పొరనే. మందంగా వెండి పూత ఉంటే మోసపోతుంది, అందుకే నీళ్ల పరీక్ష కూడా ఉండాలి. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు, అంటుకోనంత మాత్రాన వెండే అని కాదు. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. చింతపండుతో తోమి మెరిపించమని ఎవరైనా సలహా ఇచ్చినా వినకండి. గీత పడినా, పాత నలుపు పోయినా సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోతుంది. కొన్నాక కూడా అలాగే ఉంచండి.

100 ఏళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువులు. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు.

ప్రశ్న: పొలం దున్నుతుంటే లంకెబిందె దొరికిందని ఒకతను వాట్సాప్‌లో బంగారు నాణేల ఫొటోలు పంపాడు. ఒకటి ఇస్తా, పరీక్ష చేయించుకో అంటున్నాడు.
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఆ ఒక్కటి నిజం బంగారమే అవుతుంది. సంచిలోవి ఇత్తడివి. ఈ మోసం నడిచేదే అలా, దయచేసి ఎక్కడికీ పోకండి. ఒకవేళ అతను చెప్పేది నిజమే అయినా, భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. గుట్టుగా కొంటే కేసులో మీరూ ఉంటారు. ఫొటోలు, నంబర్ చెరిపేయకుండా పోలీసులకు చూపించండి. డబ్బు ఇప్పటికే ఆన్‌లైన్‌లో పంపి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే, ఆ డబ్బు ఖాతా దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: మా మామయ్య గారి పాత కెమెరాలు అమ్మకానికి పెట్టాను. కొనే అతను ఇంటికే వచ్చి చూస్తానంటున్నాడు. పగలు నేనొక్కదాన్నే ఉంటాను.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఇంటికి వద్దండి. ఊళ్లో తెలిసిన ఫొటో స్టూడియో ఏదైనా చూసుకోండి, షట్టర్, లెన్స్ పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు లేదు. అన్నీ ఒకేసారి తీసుకెళ్లకుండా, అతను అడిగిన కెమెరా ఒక్కటే తీసుకెళ్లండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరం పోతుంది, అదే డాక్యుమెంట్‌గా పంపితే మీ ఇల్లు ఎక్కడో అందులోనే ఉంటుంది. అతను "పే చేశాను" అని తన ఫోన్‌లో పచ్చటి టిక్కు చూపిస్తే నమ్మకండి, అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ బ్యాంకు యాప్ తెరిచి, ఖాతాలో డబ్బు పడిందని చూశాకే కెమెరా చేతికివ్వండి. డబ్బు రావాలంటే పిన్ కొట్టమని అతనంటే కెమెరా సర్దుకుని ఇంటికి వచ్చేయండి. పిన్ కొడితే మీ డబ్బు పోతుంది తప్ప రాదు.