ఎయిర్ రైఫిల్ స్టాక్ జిడ్డు వదలాలంటే

బ్రదర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎయిర్ రైఫిల్ స్టాక్‌కి (భుజానికి ఆనించే చెక్క భాగానికి) పాత పాలిష్ గీకేసి అవిసె నూనె పట్టిస్తే, వారమైనా చేతికి అంటుకుంటోందన్నారు కదా. తప్పు చెక్కది కాదు. మీరు రాసింది వంటకు వాడే పచ్చి నూనె. అది ఆరడానికి మామూలుగానే రోజులు పడుతుంది, బెజవాడ వానాకాలం ఉక్కలో ఇక చెప్పక్కర్లేదు.

ముందు లోపల పెల్లెట్ లేదని, స్ప్రింగ్ ఎక్కించి లేదని చూసుకుని, మరలు విప్పి స్టాక్‌ను వేరు చేయండి. టర్పెంటైన్ గుడ్డతో జిడ్డంతా తుడిచి నీడలో బాగా ఆరనివ్వండి. 220 నంబరు ఉప్పుకాగితంతో చెక్క గీతల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీరలు నూనె పడ్డాకే బయటపడతాయి! తడిగుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది, ఆరాక 320తో తీసేయండి.

ఇప్పుడు పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా తయారుచేసిన అవిసె నూనె) అడగండి. నాలుగు చుక్కలు అరచేత్తో రుద్ది, పావుగంటయ్యాక మిగిలింది తుడిచేయాలి. మెరుపు కోసం మందంగా పూశారో, కథ మళ్లీ మొదటికే. ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి మండిపోగలవు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

స్టాక్ పొడవు తగ్గించాలనుకున్నా తొందరపడొద్దు. మోచేయి మడత నుంచి ట్రిగ్గర్ వేలి దాకా కొలిచి, స్టాక్ వెనక బిగించే రబ్బరు ప్యాడ్ మందంతో కలిపి ట్రిగ్గర్ నుంచి అంత పొడవు వచ్చేలా చూసుకుని, టేపు చుట్టి సన్నపళ్ల రంపంతో కోయండి. అదీ అనుకున్నదానికంటే కాస్త తక్కువే.