డిశ్చార్జి చీటీ ఇచ్చాక ఎవరు చూస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు, స్కిజోఫ్రెనియా అన్నారు. ఆసుపత్రిలో ఉన్న నెలా బాగానే ఉంటాడు, ఇంటికొచ్చాక మాత్రలు మానేస్తాడు, మళ్లీ చెవిలో ఎవరో తిడుతున్నారంటాడు. ఇది మూడోసారి. అమ్మ మాత్ర నూరి మజ్జిగలో కలిపి ఇస్తోంది. నేను పెళ్లయి వేరే ఊళ్లో ఉన్నాను. ఏం చేయాలి?
– ఒక అక్క, పల్నాడు జిల్లా

జవాబు: ముందు ఆ మజ్జిగ సంగతి. మందు ఆపమనడం లేదమ్మా, తెలియకుండా ఇవ్వడం ఆపమంటున్నాను. ఏదో ఒక రోజు గ్లాసు అడుగున పొడి కనిపిస్తుంది, అసలే అనుమానంతో ఉన్న పిల్లాడు ఆ తర్వాత అమ్మ చేతి అన్నం కూడా ముట్టడు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రలు ఎందుకు మానేస్తున్నావని తమ్ముణ్ణి ఎవరైనా అడిగారా? పగలంతా మత్తు, ఒళ్లు రావడం, చేతులు వణకడం... వీటిలో ఏదున్నా మందు మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు. నెలకోసారి వేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, రోజూ మాత్ర దగ్గర గొడవ తప్పుతుంది.

అసలు చిక్కు ఏంటంటే, ఆసుపత్రిలో ఉన్న నెల అందరూ చూస్తారు, మిగతా పదకొండు నెలలు అమ్మ ఒక్కతే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని తర్వాతి చూపు అక్కడే పెట్టించుకోండి, ప్రతిసారీ దూరం పోనక్కర్లేదు. తమ్ముడు సరేనంటే మీ ఊరి ఆశా కార్యకర్తకీ చెప్పండి. పరువు పోతుందని దాచేస్తారు గానీ, వీధిలో అందరికీ ఎప్పుడో తెలుసు! నిద్ర తగ్గడం, స్నానం మానేయడం లాంటివి మొదలవగానే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి గోడకి అంటించండి. అర్ధరాత్రి ఎటూ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వైద్యం విషయంలో తన తరఫున ఎవరు నిలబడాలో తమ్ముడే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. బాగున్నప్పుడే రాయించండి, మీ పేరు రాస్తాడేమో అడిగి చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బూ వైకల్యమే, వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం ఊరెళ్లండి. ఇంజెక్షన్ మాట అమ్మ కాదు, మీరే కదపండి.