9 డాలర్లు మిగిల్చి దవడ పన్ను పోగొట్టుకున్నాను

ప్రశ్న: అన్నా, జెర్సీ సిటీలో ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. ఎడమవైపు కింది దవడ పన్ను చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, రాత్రిళ్లు ఒకటే లాగుడు. రూట్ కెనాల్, క్యాప్ కలిపి డెంటిస్ట్ చెప్పిన లెక్క వింటే కళ్లు తిరిగాయి. ఆఫీసులో డెంటల్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాను, అప్పటిదాకా మాత్రలతో నెట్టుకురావచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత చెయ్యి దానంతటదే నా ఎడమ దవడ మీదికి పోయింది. నువ్వేసిన లెక్కే నేనూ వేశాను.

2010 జూలైలో వరంగల్ నుంచి వచ్చి న్యూజెర్సీలో ఎడిసన్‌లో దిగాను. ఆఫీసు వాళ్లిచ్చిన ఫారంలో మెడికల్ ఒకచోట, డెంటల్ ఇంకోచోట ఉన్నాయి. పన్ను ఒంట్లో భాగం కాదా, దానికి వేరే ఇన్సూరెన్స్ ఏమిటి అనుకున్నాను. (ఈ దేశంలో పళ్లు, కళ్లు ఒంటితో లెక్క కాదు, అలవాటు పడు.) రెండు వారాలకోసారి వచ్చే ఒక్కో జీతంలోంచి 9 డాలర్లు కట్ అవుతాయట. డాలర్ అప్పుడు 46 రూపాయల దగ్గరుంది. అంటే 414 రూపాయలు! ఆ డబ్బుకి మా ఊళ్లో పన్నే పీకేస్తారు కదా అని టిక్ తీసేశాను. డిసెంబర్ దాకా 12 జీతాలు, అంటే 108 డాలర్లు మిగిల్చాను. ఆ డబ్బుతో గుళ్లో అష్టోత్తరం చేయించుకున్నా బాగుండేది.

సెప్టెంబర్‌లో నొప్పి మొదలైంది. లవంగం పెట్టుకున్నాను, అమ్మ సూట్‌కేసులో పెట్టిన మాత్రలు మింగాను, నెల తోశాను. అక్టోబర్‌లో ఓ అర్ధరాత్రి తట్టుకోలేక ఎమర్జెన్సీకి పరిగెత్తాను. నాలుగు గంటలు కూర్చోబెట్టి యాంటీబయాటిక్, నొప్పి మాత్ర రాసిచ్చి, పొద్దున డెంటిస్ట్‌ని కలవమన్నారు. పన్ను ముట్టుకున్నవాడు లేడు. ఆ మాత్రం సలహాకి 640 డాలర్ల బిల్లు వచ్చింది.

రూట్ కెనాల్‌కి 1,100 చేతినుంచే పెట్టాను. క్యాప్‌కి ఇంకో 1,200 అనేసరికి, జనవరిలో ఇన్సూరెన్స్ వచ్చాక చూద్దాంలెండి అన్నాను. రూట్ కెనాల్ చేసిన పన్నులో నరం ఉండదు కాబట్టి నొప్పి తెలియదు. కానీ లోపల తొలిచేయడంతో అది గుల్ల. మీద క్యాప్ లేకపోతే నమిలే బరువుకి చీలిపోతుంది. డాక్టరమ్మ ఇదంతా చెప్పింది, ఆ పక్కన గట్టివి నమలొద్దని కూడా చెప్పింది. నొప్పి పోయినవాడికి మాటలు వినపడతాయా?

డిసెంబర్ మూడో వారంలో రూమ్మేట్ ఊరినుంచి వస్తూ అమ్మ ఇచ్చిన సకినాలు తెచ్చాడు. డబ్బా మూత తీయగానే వాము, నువ్వుల వాసన. అయిదు నెలలైంది ఆ వాసన చూసి. నిలబడే తింటున్నాను. మూడో సకినం దగ్గర టక్‌మంది. విరిగింది సకినమే అనుకున్నాను. నాలుక పెట్టి చూస్తే పన్ను రెండు ముక్కలు, ఒకటి అటూఇటూ కదులుతోంది. చీలిక చిగురు కిందికి దిగిపోయింది, ఇక క్యాప్ నిలవదన్నారు. 250 తీసుకుని పీకేశారు.

జనవరి 1న ఇన్సూరెన్స్ మొదలైంది. ఇంప్లాంట్‌కి, అంటే ఎముకలో స్క్రూ దింపి పెట్టే కట్టుడు పన్నుకి, అడిగితే మిస్సింగ్ టూత్ క్లాజ్ అన్నారు. పాలసీ మొదలవకముందే ఊడిన పన్నుకి బదులు పన్ను పెట్టించుకుంటే వాళ్లు పైసా ఇవ్వరు. పది రోజుల తేడా! రెండేళ్లు సందుతోనే తిరిగాను. పక్క పన్ను అందులోకి ఒరగడం మొదలయ్యాక 3,900 పెట్టి ఇంప్లాంట్ వేయించాను. మొత్తం కూడితే 5,890 డాలర్లు. ఈ అంకె నేను చెప్పబోతే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది.

ఇక నీ సంగతి. చేరి మూడు వారాలే అంటున్నావు, చాలా కంపెనీల్లో 30 రోజుల్లోపు డెంటల్ తీసుకోవచ్చు. రేపు ఆఫీసుకి వెళ్లగానే కాఫీకంటే ముందు ఆ పని చూడు. గడువు దాటితే ఏడాది చివర్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (అందరూ ఇన్సూరెన్స్ ఎంచుకునే రోజులు) దాకా ఆగాలి. ఎక్కువ ప్లాన్లలో క్లీనింగ్, ఎక్స్‌రేలకి నూరు శాతం, ఫిల్లింగ్‌కి 80, క్యాప్‌కి 50 ఇస్తారు. వెయిటింగ్ పీరియడ్ (ఎన్నాళ్లు ఆగాక డబ్బిస్తారు), నెట్‌వర్క్ (ఏ డెంటిస్టుల దగ్గరికి వెళ్లాలి) లాంటివి నీ ప్లాన్ పేజీలో చదువుకో, అవి నేను చెప్పేవి కావు. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పరు. మెడికల్‌లో కొంతదాకా నువ్వు కడితే ఆ తర్వాత వాళ్లు కడతారు. డెంటల్‌లో తిరకాసు: ఏడాదికి వెయ్యో, పదిహేను వందలో, రెండు వేలో వాళ్లిచ్చి ఆగిపోతారు, ఆపైన అంతా నీదే. అందుకే పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ వాళ్లు ఎంతిస్తారో, నీమీద ఎంత పడుతుందో ముందే తేల్చే ప్రీ-ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్‌కి పంపించమని క్లినిక్ ముందు డెస్క్‌లో అడుగు. అడగడానికి మొహమాటపడకు, ఇక్కడ అందరూ అడుగుతారు.

ఇండియాలో చవకే, కాదనను. కానీ ఉన్న మూడు వారాల సెలవులో పెళ్లిళ్లు, చుట్టాలు, వీసా స్టాంపింగ్ మధ్య సిట్టింగులకి తిరగాలి. పైగా ఇప్పుడే రాత్రిళ్లు లాగుతున్న పన్ను డిసెంబర్ దాకా ఊరుకుంటుందా? ఒకవేళ అక్కడే చేయించుకుంటే ఎక్స్‌రేలు ఫోన్‌లో పెట్టుకుని రా. ఇక్కడ 19 అని రాసే పన్నునే అక్కడ 36 అంటారు, రెండూ ఎడమవైపు కింది మొదటి పెద్ద దవడ పన్నే. తెలియక నేను వేరే పన్నుకి బిల్లేశారని గొడవకి పోయాను.

డబ్బు మరీ కటకటగా ఉంటే పాత్ రైలెక్కి న్యూయార్క్‌లో రట్గర్స్ డెంటల్ స్కూలుకి వెళ్లు అని రాయబోయాను, కాదు, అది నూవార్క్‌లో. కొత్తలో నేనూ ఈ రెండు పేర్లకీ తికమకపడి రైలు తప్పాను. అక్కడ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్ వచ్చి చూస్తాడు. టైమ్ రెట్టింపు, ఫీజు తక్కువ.

మొదటిసారి క్లీనింగ్‌కి వెళ్తే చిగుళ్లలో సన్న పుల్లలాంటిది గుచ్చుతూ టూ, త్రీ, ఫైవ్ అని అంకెలు చదువుతారు. నేను బిల్లు కూడుతున్నారేమో అని బిగుసుకుపోయాను. అవి చిగురు సందు లోతు, మిల్లీమీటర్లలో. నాలుగు, ఆపైన పలికి డీప్ క్లీనింగ్ (చిగురు కింద గీకి చేసే శుభ్రం) చేయాలంటే ఆ చార్ట్, ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకో, ఇంకో డెంటిస్ట్‌కి చూపించు.

ఇన్ని డబ్బు మాటలు చెప్పినా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా లెక్కలు పక్కనపెట్టి ఎమర్జెన్సీకి పో. ఆ 640 నేనిస్తాను అనలేను గానీ, మా ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యి, కారేసుకుని వస్తాను. ఈలోగా ఊరినుంచి ఏవైనా పిండివంటలు వస్తే కుడివైపే నములు.