కొత్తవాళ్లను లేచి నిలబడమనకండి, స్వాగతం తలుపు దగ్గరే మొదలుపెట్టండి

మీ ప్రశ్న ఇది: మా చర్చిలో ఆరాధన మధ్యలో కొత్తవాళ్లను లేచి నిలబడి పేరు చెప్పమంటాం, అందరం చప్పట్లు కొడతాం, అయినా చాలామంది రెండో ఆదివారం కనబడరు. లోపం ఎక్కడుంది?

ముందు ఆ నిలబెట్టడం మానేయండి. కొత్త చోటికి వచ్చిన మనిషి ఓ పక్కన కూర్చుని, ఇక్కడ ఎవరేం చేస్తారో కాసేపు చూసుకోవాలనుకుంటాడు. అతన్ని లేపి మైకు అందిస్తే తర్వాత పాడిన పాటలూ చెప్పిన వాక్యమూ బుర్రకెక్కవు. నలుగురిలో మాట్లాడటానికి జంకేవాళ్లకైతే ఆ అర నిమిషమే గుర్తుండిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లుంటారు. వేరే సంఘంలో గొడవపడి, ఎవరికీ తెలియకుండా ఓసారి చూసి పోదామని వచ్చేవాళ్లూ ఉంటారు. మీ ఆరాధన లైవ్‌లో వెళ్తుంటే వాళ్ల పేరూ ముఖమూ మీరే ఊరంతా చాటినట్టు. కెమెరాలో పడని వరసలు ఏవో తలుపు దగ్గరున్నవాళ్లకు తెలిసి ఉండాలి, అడిగినవాళ్లకు చూపించాలి.

దాని బదులు ఇరవై సెకన్ల మాట చాలు: “ఈరోజు మొదటిసారి వచ్చినవాళ్లకు వందనాలు. మీరు లేవనక్కర్లేదు. ఆరాధన అయ్యాక తలుపు పక్కన బల్ల దగ్గర మావాళ్లు ఇద్దరుంటారు, ఏదైనా అడగాలనిపిస్తే రండి.” అంతకు మించి పొడిగించకండి.

అసలు పని తలుపు దగ్గర ఉంది. ఒక్కో తలుపుకు ఇద్దరు కావాలి, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు. ఒకరు తలుపు వదలకూడదు, రెండోవారు కొత్తవాళ్లను కుర్చీ దాకా తీసుకెళ్లాలి. ఒక్కరినే పెడితే ఆ ఒక్కరూ లోపలికి నడిచిన క్షణంలోనే తర్వాతి కుటుంబం వచ్చి గుమ్మంలో దిక్కులు చూస్తుంది. ఆరాధనకు 25 నిమిషాల ముందు రావాలి, మొదలయ్యాక మరో 15 నిమిషాలైనా ఉండాలి. చాలాచోట్ల మొదటి పాట ఎత్తుకోగానే వీళ్లు కూడా లోపలికి వెళ్లి కూర్చుంటారు. దారి వెతుక్కుంటూ వచ్చే కొత్తవాళ్లు ఆలస్యమయ్యేది సరిగ్గా ఆ వేళకే. తలుపు దగ్గరి ఇద్దరూ ఒకరితో ఒకరు ముచ్చట్లలో పడటం ఇంకో పెద్ద లోపం. వాళ్ల మాటలకు అడ్డం రావడం ఇష్టంలేక వచ్చినవాళ్లు పక్కనుంచి జారిపోతారు.

“మీరు కొత్తగా వచ్చారా?” అని మాత్రం అడగకండి. ఆయన అయిదేళ్లుగా వస్తున్న మనిషైతే ఇద్దరికీ ఇబ్బంది. “మనం ఇంతకుముందు పలకరించుకోలేదనుకుంటా, నా పేరు ఫలానా” అంటే ఎవరికైనా సరిపోతుంది. ఆ వెంటనే మూడు సంగతులు చెప్పండి: ఎంతసేపు జరుగుతుంది, బాత్‌రూమ్ ఎటు, పిల్లల క్లాసు ఎక్కడ. పిల్లవాణ్ణి అక్కడికక్కడే చెయ్యి పట్టి తీసుకెళ్లొద్దు. తల్లిదండ్రులు గది చూసి, పేరు రాయించి, ఎవరికి తిరిగి అప్పగించాలో చెప్పాకే వదలాలి. తమ దగ్గరే ఉంచుకుంటామంటే అలాగే కానివ్వండి, గోల చేస్తే బయటికి తీసుకెళ్లడానికి వీలుగా నడవ పక్క కుర్చీ ఇవ్వండి.

పెళ్లయిందా, పిల్లలెంతమంది, ఏం పని చేస్తారు, బాప్తిస్మం అయిందా, ఇవేవీ మొదటి రోజు అడిగే ప్రశ్నలు కావు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, విడిపోయిన దంపతులు మందిరం వెతుక్కుంటూ వచ్చేది తరచూ అలాంటి సమయంలోనే. మామూలు కుశలప్రశ్న అనుకుని మీరు సరిగ్గా ఆ పుండునే తాకుతారు.

చేతులు కలపాలా, దండం పెట్టాలా అన్నది వచ్చినవాళ్లకు వదిలేయండి. ఓ అడుగు దూరంలో నిలబడి, చేతులు ఖాళీగా ఉంచుకుని, నోటితో వందనాలు చెప్పండి. వాళ్లు చెయ్యి చాస్తే అందుకోండి, చేతులు జోడిస్తే జోడించండి. ముసలివాళ్ల చెయ్యి గట్టిగా నొక్కకండి, కీళ్లనొప్పులుంటాయి. కౌగిలింత ముందుగా మీవైపు నుంచి రాకూడదు. పిల్లల బుగ్గలు గిల్లడమూ అంతే.

కుర్చీల విషయంలో సంఘస్థుల అలవాటే అడ్డం. ముందుగా వచ్చి వెనక వరసలూ నడవ పక్క కుర్చీలూ పట్టేస్తారు. ఆలస్యంగా వచ్చిన కొత్త మనిషి అందరి కాళ్లు దాటుకుంటూ మధ్యకో, అందరూ చూస్తుండగా ముందు వరసకో పోవాలి. వెనక రెండు వరసలకు తాడు కట్టి, ఆరాధన మొదలయ్యే దాకా విప్పకండి. గౌరవమని కొత్తవాళ్లను మొదటి వరసలో కూర్చోబెట్టడం కూడా పొరపాటే. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో చూసి తెలుసుకోవడానికి వాళ్లకు ముందు మనుషులుండాలి. చక్రాల కుర్చీ కోసం వరస చివర రెండు కుర్చీలు తీసేసి ఉంచండి, ఇంట్లోవాళ్లు పక్కనే కూర్చోగలగాలి. బట్టలు చూసి చోటు చూపించే అలవాటు గురించి నేను చెప్పక్కర్లేదు, బైబిల్లో యాకోబు రాసిన పత్రిక, అంటే లేఖ, 2వ అధ్యాయం మొదట్లో బంగారు ఉంగరం మనిషి, మాసిన బట్టల మనిషి అంటూ సూటిగానే ఉంది.

ఇక సమాధాన వందనం, అంటే ఆరాధన మధ్యలో పక్కవాళ్లకు సమాధానం కోరుతూ చెప్పే వందనం. పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనం చెప్పుకోమని పౌలు రోమా 16:16లోనూ, మరికొన్ని పత్రికల చివరా రాశాడు. రెండో శతాబ్దం నడుమ క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ రాసినదాన్ని బట్టి, ప్రార్థనలు ముగిశాక, రొట్టె, పాత్ర తీసుకొచ్చే ముందు విశ్వాసులు ఇలా పలకరించుకునేవారు. కానుక బలిపీఠం దగ్గర పెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5:23-24కు ఇది చక్కగా అతుకుతుంది. కొన్ని సంఘాల క్రమంలో ఇది కానుకకు ముందు వస్తుంది, రోమన్ కతోలిక పూజలో పరలోక ప్రార్థన తర్వాత, సంస్కారం తీసుకునే ముందు వస్తుంది. దగ్గరున్నవాళ్లకు మాత్రమే, నిబ్బరంగా ఇవ్వాలన్నది కతోలిక నియమం. పూజ మధ్యలో జనం చోటు వదిలి తిరగడం మానాలని 2014లో రోము నుంచి లేఖ కూడా వచ్చింది. ఏ సంఘమైనా ఈ నియమం పాటిస్తే కొత్తవాళ్లకు మేలు.

ఎందుకంటే మామూలుగా జరిగేదిది: నాయకుడు “ఒకరికొకరు వందనాలు చెప్పుకోండి” అనగానే అందరూ వరసలు దాటి తమ స్నేహితుల దగ్గరికి పోతారు. అయిదు నిమిషాలు సందడి. కొత్త మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాటల పుస్తకం తిరగేస్తుంటాడు. ఒక్క నిమిషానికి కుదించండి, వరస దాటొద్దని చెప్పండి. కుడి, ఎడమ, ముందు, వెనక, ఈ నలుగురిని పలకరించాకే తెలిసినవాళ్లు. జవాబుగా ఏమనాలో తెరమీద చూపించండి. జలుబూ దగ్గూ ప్రబలిన రోజుల్లో చేతులు కలపకుండా చెప్పుకుందామని నాయకుడే ముందు అంటే ఎవరికీ మొహమాటం ఉండదు.

కానుకకు ముందు “మొదటిసారి వచ్చినవాళ్లు వేయాల్సిన పనిలేదు, సంచి పక్కవాళ్లకు అందించండి” అనండి. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, పాత్ర పంచే సంస్కారం దగ్గర, ఇంకా స్పష్టత కావాలి. మీ సంఘం ఎవరికిస్తుందో, తీసుకోనివాళ్లు ఏం చేయాలో, పాత్రలో ఉన్నది ద్రాక్షారసమో పులియని రసమో ముందే చెప్పండి. నియమం కఠినమైనదైనా ముందు వింటే నొచ్చుకోరు. వరసలో నిలబడి బల్ల దాకా వెళ్లాక వెనక్కి పంపితే మాత్రం మళ్లీ రారు.

ఆశీర్వాదం తర్వాతి మూడు నిమిషాలు చాలా ముఖ్యం, కొత్తవాళ్లు బయటపడేది అప్పుడే. ఆ మూడు నిమిషాల్లో సంఘ పెద్దలు లెక్కలూ కమిటీ మాటలూ ఎత్తకూడదని, అందరూ ముందు తెలియని ముఖాన్నే పలకరించాలని ఒప్పందం చేసుకోండి. అయితే ఒకే మనిషి చుట్టూ పదిమంది మూగొద్దు. ఒకరు మాట్లాడి, మరొకరికి పరిచయం చేసి తప్పుకుంటే చాలు.

తలుపు పక్కన బల్ల దగ్గర కార్డు పెడితే పేరు, ఇష్టమైతే ఫోన్ నంబరు, అంతే అడగండి. పుట్టినరోజు, చిరునామా గడులుంటే కార్డు ఖాళీగానే మిగులుతుంది. నంబరిచ్చినవాళ్లకు రెండు రోజుల్లో ఒక సందేశం వెళ్లాలి, అదీ ఆరోజు వాళ్లతో మాట్లాడిన మనిషి నుంచే. జవాబు రాకపోతే వదిలేయండి. అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చడం, చెప్పకుండా ఇంటికి ప్రార్థనకు వెళ్లడం వద్దు.

ఈ మార్పులు నెలన్నర నడిపాక, మీ సంఘంలో ఎవరికీ తెలియని ఒకరిని పాస్టర్ గారికి మాత్రమే చెప్పి ఓ ఆదివారం రమ్మనండి. గేటు నుంచి గేటు దాకా ఏ క్షణంలో ఏం చేయాలో తోచలేదో, స్వాగత బృందం కాక మామూలు సంఘస్థులు ఎంతమంది పలకరించారో రాసివ్వమనండి. ఆ రెండో లెక్క సున్నా అయితే తలుపు దగ్గర మనుషుల్ని పెంచి లాభం లేదు, ఆ మూడు నిమిషాల ఒప్పందం దగ్గరికే మళ్లీ వెళ్లండి.