కారు ఈఎంఐ మొత్తం ఖర్చు కింద రాయొచ్చా? – సమాధానం

ఆర్కిటెక్టునని, నవంబరులో 10 లక్షలకు లోనులో కారు కొన్నానని, ఈఎంఐ మొత్తం ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఖర్చుగా చూపొచ్చా అని అడిగారు కదండీ. మొత్తం కుదరదు. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు కాదు. కారు ధర మీద తరుగుదల (వాడకంతో ఏటా తగ్గే విలువ, దీన్నీ ఖర్చుగా చూపొచ్చు) ఏడాదికి 15 శాతం వస్తుంది. కానీ మార్చి ఆఖరుకి 180 రోజులు నిండవు కాబట్టి ఈసారి సగమే, అంటే 75,000. పనికి 60 శాతమే వాడితే అందులో 45,000. వడ్డీ, పెట్రోలు, ఇన్సూరెన్సులకూ ఇదే 60 శాతం లెక్క. ఇంట్లోవాళ్ళతో గుడికెళ్ళిన కిలోమీటర్లు కలపకండి! కారులో చిన్న నోటుబుక్కు పెట్టి రీడింగు రాసుకోండి, నేనూ అదే చేస్తా.

అన్నట్టు, ఫీజులో సగం లాభంగా చూపే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్ను వేస్తుంటే మాత్రం ఇవేవీ విడిగా రావు. మిగతా సగంలోనే కారు ఖర్చూ కలిసిపోయినట్టు.