ముప్పైతొమ్మిది పేర్లు కొట్టేశాను, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరం చేరింది. నువ్వూ నీ స్నేహితులూ నెలకోసారి ఒకచోట చేరి, తలా ఒక సింఫనీయో (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన), ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమో (సింఫనీలా పొడుగ్గా అల్లిన రాక్ పాటలది) తెచ్చి మిగతావాళ్ళకి వినిపించాలని అనుకున్నారట. మొదటి వంతు నీదేనట. దానికి నలభై పేర్లు రాసి పంపి, "ఇందులోంచి ఓ పది ఏరి పెట్టు అత్తయ్యా" అన్నావు. కూర్చుని ముప్పైతొమ్మిది కొట్టేశాను. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెప్తాను.

నలభై పేర్లు రాసేటప్పుడు మనకి భలే సంతోషంగా ఉంటుంది. చదివేవాడికే ఏమీ ఉండదు. జాబితా చూస్తే నువ్వు ఎంత విన్నావో తెలుస్తుంది తప్ప, వాడు ఏం వినాలో తెలియదు. ఈ తప్పు నేను చాలా ఏళ్ళు చేశాను. నీ వయసులో ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి మాలర్ అనే స్వరకర్త మూడో సింఫనీ పెట్టాను. మొత్తం గంటన్నర పైనే. ఒక్క మొదటి మూవ్‌మెంటే, అంటే మొదటి భాగమే, అరగంట దాటుతుంది. నేనేమో సంగీతం మానేసి ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు కరుగుతుందా అని. మొదటి మూవ్‌మెంట్ అవగానే "అయిపోయిందా?" అంది. "ఇంకా ఐదున్నాయి" అన్నాను. ఆ తర్వాత కూడా ఆవిడ మా ఇంటికి వచ్చేది గానీ, రికార్డ్ ప్లేయర్ ఉన్న గదిలోకి మాత్రం అడుగు పెట్టేది కాదు.

అందుకని ఒక్కటే తీసుకెళ్ళు. అందులోనూ ఒక చోటు చూపించు. "ఇది చాలా గొప్పది" అంటే వాళ్ళు పరీక్షకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. "ఫలానా చోట ఒకటి జరుగుతుంది, అది పట్టుకోండి చూద్దాం" అంటే చెవులు వాటంతట అవే నిక్కుతాయి.

నీ జాబితాలో నేను కొట్టెయ్యనిది చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, 'ఫ్రమ్ ది న్యూ వరల్డ్'. ఆయన అమెరికాలో ఉండగా రాసింది. 1893 డిసెంబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో మొదటిసారి వాయించారు. నలభై నిమిషాలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, కొత్తవాళ్ళ ఓపికకి సరిగ్గా సరిపోతుంది. రెండో మూవ్‌మెంట్లో ముందు ఇత్తడి వాద్యాలు మెల్లగా, బరువుగా పలుకుతాయి. అవి తగ్గాక ఇంగ్లిష్ హార్న్ అనే చెక్క ఊదుడు వాద్యం ఒంటరిగా ఒక పాట అందుకుంటుంది. దాని సంగతి నువ్వు చెప్పక్కర్లేదు, అదే పట్టేసుకుంటుంది. నువ్వు చెప్పాల్సింది వేరే ఉంది. ఆఖరి మూవ్‌మెంట్లో సింబల్ (పెద్ద ఇత్తడి తాళం) మోగేది ఒకే ఒక్కసారి. అదీ ఢమాలున కాదు, మెత్తగా. పాపం ఆ వాయించే మనిషి ఆ ఒక్క దెబ్బ కోసం అంతసేపూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. "అది ఎక్కడ మోగిందో పట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తండి" అను. ఆ దెబ్బ కోసం చెవి రిక్కించినవాడు దాని చుట్టుపక్కల ఉన్నదంతా వినేస్తాడు. మనకి కావల్సింది అదే కదా.

పాత ఎల్పీ రికార్డు అట్ట మీద ఇదే సింఫనీకి 5 అని నంబరు కనిపిస్తే కంగారు పడకు. ఆయన మొదట్లో రాసినవి లెక్కలోకి రాకముందు దీన్ని ఐదోది అనేవారు. ఏ రికార్డింగ్ అని అడుగుతావు, తెలుసు. కండక్టర్ ఇస్త్వాన్ కెర్టెస్ 1961లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసింది వెతుకు. దొరక్కపోతే ఏది దొరికితే అది. రికార్డింగుల గొడవ రెండో ఏడాదికి దాచుకోండి. బ్రూక్‌నర్ అనే ఇంకో స్వరకర్త సింఫనీల్లో ఒక్కొక్కదానికి ఎన్ని రూపాలున్నాయో, వాటి మీద ఎన్ని తగవులున్నాయో ఇప్పుడే తెలిస్తే మీ కూటమి మూడో నెలకే చీలిపోతుంది.

ఇక రాక్ వైపు వద్దాం. మీలో సగం మంది సింఫనీ పక్షం, సగం మంది రాక్ పక్షం అన్నావు. ఒకళ్ళది అవ్వగానే ఇంకొకళ్ళు ఫోన్లు చూసుకుంటారని నీ భయం. దానికి నా దగ్గర ఒక కిటుకుంది. జతలు కట్టు. ఒకే పనిని రెండు రకాలుగా చేసిన రెండింటిని పక్కపక్కన పెట్టు.

బీతోవెన్ ఐదో సింఫనీ నాలుగు స్వరాలతో మొదలవుతుందని లోకమంతా ఎరుగుదురు. మూడు పొట్టివి, ఒకటి పొడుగు. తలుపు తెరిచీ తెరవకముందే మొహాన కొట్టినట్టు వస్తాయి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1975 నాటి ఆల్బమ్ 'విష్ యు వర్ హియర్'లో 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' వెన్నెముక కూడా నాలుగు స్వరాలే. కానీ అవి వచ్చేసరికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా కీబోర్డులు పొగమంచులా పరుచుకుని ఉంటాయి, వాటి మీద గిటార్ తిరుగాడుతూ ఉంటుంది. ఒక్కసారి అన్నీ ఆగినట్టవుతాయి. అప్పుడు గిటార్ మీద ఆ నాలుగూ పడతాయి. ఒకాయన ఇచ్చేసి నిన్ను పరుగెత్తించాడు, వీళ్ళు నిన్ను కూర్చోబెట్టి ఇచ్చారు. ఈ రెండూ ఒకే సాయంత్రం వింటే పక్షాలు వాటంతట అవే కలిసిపోతాయి. నేను రెండుసార్లు చేసి చూశాను.

బీతోవెన్ ఐదోది పెడితే మూడో మూవ్‌మెంట్ చివర చెయ్యి పట్టుకుని ఆపినా ఆపకు. సంగీతం బాగా సన్నగిల్లిపోయి, టింపనీ అనే పెద్ద డోలు మాత్రం లోపలెక్కడో కొట్టుకుంటూ ఉంటుంది. అక్కణ్ణుంచి విరామం లేకుండా నాలుగోదిలోకి దూకేస్తుంది. ట్రాంబోన్ వాళ్ళు మూడు మూవ్‌మెంట్లు చేతులు కట్టుకుని కూర్చుని అక్కడే మొదటిసారి నోరు విప్పుతారు. సన్నగా పలికే పికొలో, అడుగు స్వరాల కాంట్రాబస్సూన్ కూడా అంతే. ఆ ఇల్లంతా దీపాలు వేసినట్టుండే వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకుంటే, ఇదీ సంగతి. కండక్టర్ కార్లోస్ క్లైబర్ వియన్నా వాళ్ళతో చేసిన రికార్డింగ్‌లో నాకు ఇప్పటికీ అక్కడ వీపు నిటారవుతుంది.

ఇంకో జత చెప్తాను. బీతోవెన్ ఆరోది, 'పాస్టోరల్'. రెండో మూవ్‌మెంట్ వాగు ఒడ్డున సాగుతుంది. చివర్లో ఫ్లూట్ నైటింగేల్ అవుతుంది, ఓబో కౌజుపిట్ట, క్లారినెట్ కోకిల. మన ఊహ కాదు, ఆయనే స్వరపత్రం మీద పిట్టల పేర్లు రాసిపెట్టాడు. దాని పక్కన యెస్ బృందం 1972లో తెచ్చిన 'క్లోజ్ టు ది ఎడ్జ్' పెట్టు. నీటి చప్పుడు, పిట్టల కూతలు మెల్లగా పెరిగి పెరిగి, ఒక్కసారిగా వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మొదటిసారి విన్నవాళ్ళు "ఏదో పాడైందా?" అని అడుగుతారు. అడగనీ. పద్దెనిమిది నిమిషాల పైచిలుకు ఉన్న ఆ పాట మధ్యలో అంతా నెమ్మదించి, చర్చి ఆర్గాన్ కప్పు లేచిపోయేలా మోగుతుంది. చివరికి మళ్ళీ ఆ పిట్టల దగ్గరికే చేరుతుంది. రాక్ వాళ్ళకి సింఫనీ మీద ఎందుకంత మోజు పుట్టిందో ఈ ఒక్కదానితో అర్థమవుతుంది. మూడు నిమిషాల పాట ఇరుకైపోయింది వాళ్ళకి. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాల పైన పడుతుంది కాబట్టి, ఆ వైపు మొత్తాన్నీ, లేదా దాదాపు మొత్తాన్నీ, ఒకే కట్టడంగా వాడుకున్నారు. పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్', జెనెసిస్ 'సప్పర్స్ రెడీ', రష్ '2112' అన్నీ ఆ కొలతలో పుట్టినవే.

అదే యెస్ మరుసటి ఏడాది నాలుగు వైపులకి నాలుగు పాటలతో 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' చేసింది. పరమహంస యోగానంద ఆత్మకథలో ఒక పేజీ అడుగున ఉన్న పొడవాటి వివరణ చదివి గాయకుడు జాన్ ఆండర్సన్‌కి ఆ ఆలోచన తట్టింది. అడుగున ఉన్న ఒక్క వివరణకి ఎనభై నిమిషాల సంగీతం! కీబోర్డు వాయించిన రిక్ వేక్‌మన్‌కి ఎంత విసుగొచ్చిందంటే, ఒక కచేరీలో స్టేజీ మీదే భోజనం కానిచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. నాకు అందులో మూడో వైపు ఇప్పటికీ ఎక్కలేదు. ఎక్కనిది ఎక్కలేదని మీ వాళ్ళ ముందు ధైర్యంగా చెప్పు. అప్పుడు నువ్వు మెచ్చుకున్నప్పుడు కూడా నమ్ముతారు.

తాళం వేసుకుని వినేవాళ్ళు మీలో ఉంటే వాళ్ళకి వేరే విందు ఉంది. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ రెండో మూవ్‌మెంట్ ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. నాట్యానికి లేచినవాడికి ఒక అడుగు తక్కువైనట్టుంటుంది గానీ ఎక్కడా తడబడదు. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' ఏడు దెబ్బలది. శాక్సోఫోన్ కూడా ఏడులోనే వాయిస్తుంది, గిటార్ సోలో రాగానే నాలుగులోకి మారిపోతుంది. మన తాళాల్లో ఖండం (ఐదు), మిశ్రం (ఏడు) అంటే తెలిసినవాడు తొడ మీద వేసుకుంటూ ఆ మలుపు ఇట్టే పట్టేస్తాడు. అలా పట్టుకున్నవాడు ఇక వదలడు.

చైకోవ్‌స్కీ ఆరోది పెట్టేటట్టయితే ఒక హెచ్చరిక. మూడో మూవ్‌మెంట్ కవాతులా ఊపేసి పెద్ద హోరుతో ముగుస్తుంది. పెద్ద పెద్ద హాళ్ళలో కూడా అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. నాలుగోది నెమ్మదిగా, చీకట్లోకి దిగిపోతున్నట్టు ఉండి, చివరికి సెల్లోలూ బేస్‌లూ వినపడీ వినపడకుండా ఆరిపోతుంది. ఆయన దాన్ని తనే కండక్ట్ చేసిన తొమ్మిది రోజులకి పోయాడు. ఈ ముక్క మాత్రం విన్నాక చెప్పు, ముందు చెప్పకు. ముందు చెబితే సంగీతం వినడం మానేసి చావు గురించి వింటారు.

యంత్రాల సంగతి రెండు మాటలు. షఫుల్ ఆపు. నవ్వకు, నేను 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' షఫుల్‌లో పెట్టి, మొదట్లోనూ చివర్లోనూ రావాల్సిన గుండె చప్పుడు మధ్యలో వచ్చిందేమిటా అని పది నిమిషాలు ఆలోచించిన మనిషిని. పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా చూసే సెట్టింగ్ పెట్టు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరి మీదకి ఇంకో పాట ఎక్కించేది) ఉంటే తీసెయ్యి. సౌండ్ మాత్రం మెత్తటి చోటు చూసి పెట్టకు, హోరున్న చోటు పెట్టి సరిచూసుకో. సింఫనీ మొదట్లో ఏమీ వినపడటం లేదని అందరూ పెంచేస్తారు, మూడో నిమిషంలో ఉలిక్కిపడి లేస్తారు. హైడన్ 94వ సింఫనీలో ఈ ఉలికిపాటునే హాస్యంగా వాడుకున్నాడు గానీ, అది ఆయన చేస్తే బాగుంటుంది, నువ్వు చేస్తే బాగుండదు.

అన్నిటికన్నా కష్టమైన పని విన్న తర్వాత ఉంటుంది. ఆఖరి స్వరం అవ్వగానే "ఎలా ఉంది?" అని అడగకు. ఆ ప్రశ్నకి లోకంలో ఒకటే జవాబు: "బాగుంది." అక్కడితో మాట చచ్చిపోతుంది. కాసేపు ఊరుకో. తర్వాత "ఎక్కడ బోర్ కొట్టింది?" అని అడుగు. ముందు మొహమాటపడతారు. ఒకడు నోరు తెరిచాడంటే ఇక చూడు, "అక్కడ కాదు, నాకు అక్కడే నచ్చింది" అని ఇంకొకడు అందుకుంటాడు. వాళ్ళు బోర్ అన్న చోటు నీ ప్రాణంతో సమానమైన చోటే అయ్యుండొచ్చు. గుటక మింగి వినాలి. వాదించావా, వచ్చే నెల వాళ్ళు నిజం చెప్పరు.

వాళ్ళ వంతు వచ్చినప్పుడు నువ్వూ మర్యాద పాటించు. నీకు నచ్చనిది పెడితే రెండోసారి వినేదాకా అభిప్రాయం దాచుకో. కింగ్ క్రిమ్సన్ బృందం మొదటి ఆల్బమ్ విన్న రోజున మొదటి పాట అరుపులకి నేను లేచి వెళ్ళిపోయాను. అదే పాట కోసం తర్వాత అదే ఆల్బమ్ రెండుసార్లు కొన్నాను. జెనెసిస్ బృందం గాయకుడు పీటర్ గేబ్రియల్ ఉన్నప్పుడు గొప్పా, తర్వాత ఫిల్ కాలిన్స్ పాడినప్పుడు గొప్పా అనే తగువులో మాత్రం వేలు పెట్టకు. అది ఎప్పటికీ తేలదు, సాయంత్రం అయిపోతుంది.

మూడో నెలకి ఏదైనా కొత్తగా చెయ్యాలనిపిస్తే 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్' తీసుకెళ్ళు. ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకి రాశాడు, రావెల్ 1922లో ఆర్కెస్ట్రాకి మార్చాడు, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ అనే రాక్ బృందం 1971లో స్టేజీ మీద చితక్కొట్టి వాయించారు. అది సింఫనీ కాదు కదా అని ఎవడో ఒకడు అంటాడు, అననీ. మూడింటిలోనూ 'ప్రామినాడ్' అనే మొదటి ముక్క ఒక్కటే వరసగా వినిపించు. ఆ ముగ్గుర్లో ఎమర్సన్ వాళ్ళకి ఆర్భాటం కాస్త ఎక్కువేనని నా ఉద్దేశం, కానీ ఆ రోజుకి నా ఉద్దేశం వాళ్ళకి చెప్పకు.

సింబల్ దెబ్బ ఎంతమంది పట్టుకున్నారో నాకు రాయి. ఇంకో సంగతి. పోయినసారి నా దగ్గర్నుంచి జెత్రో టల్ వాళ్ళ 'థిక్ యాజ్ ఎ బ్రిక్' ఎల్పీ పట్టుకెళ్ళావు. దాని అట్ట పన్నెండు పేజీల వార్తాపత్రికలా ఉంటుంది కదా, మీ వాళ్ళంతా తలా ఒక పేజీ తిప్పి ఉంటారు. తిరిగిచ్చేటప్పుడు పేజీలు లెక్కపెట్టుకుంటాను.

మీ అత్తయ్య